మైల ఏడాది, మంచు ఆట

మా మామగారు పోయిన ఏడాదే నేను ఐస్ హాకీ జట్టులో చేరాను. ఈ మాట ఎవరితో చెప్పినా ముందు నా నడుము వంక చూస్తారు. ఆ చూపు నాకు అలవాటే. మన తెలుగువాళ్లయితే ఆ తర్వాత గొంతు తగ్గించి "మామగారు పోయిన ఏడాదిలోనా?" అని అడుగుతారు. అవును, ఆ ఏడాదిలోనే. ఆయన పోకపోతే చేరేదాన్నే కాదు. ఆయన మీద గౌరవం లేక అంటున్న మాట కాదిది. ఆ ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పకుండా నవ్వి ఊరుకునే మనిషి ఆయనొక్కడే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

మాది మలేషియాలో క్లాంగ్. పుట్టడం, పెరగడం, పెళ్లి, రేవు దగ్గర సరుకుల కంపెనీలో కస్టమ్స్ కాగితాలు చూసే ఉద్యోగం, అన్నీ ఇక్కడే. లారీ డ్రైవర్లతోనూ గోదాము వాళ్లతోనూ మలై, తమిళం, ఇంగ్లీషు కలగలిపి పోట్లాడడం నా పని. ఇంటికొచ్చి తెలుగులో పోట్లాడతాను. ఆదివారం మాత్రం పోట్లాటకు తీరిక ఉండేది కాదు, వంట ఉండేది. మా రాముల వారి గుడిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నదానం. ఆ వంటశాల ఒకప్పుడు మా అత్తగారి చేతిలో ఉండేది. ఆవిడకు మోకాళ్లు పట్టేశాక నాకిచ్చారు. ఇచ్చారు అంటే నేను అడిగి తీసుకున్నట్టుంది. నేను అడగలేదు, వాళ్లూ నన్ను అడగలేదు. ఒక ఆదివారం ఆవిడ కూర్చుండిపోయారు, నేను నిలబడి ఉన్నాను, గరిటె నా చేతికొచ్చింది. అప్పటినుంచి తెల్లారకముందే తలస్నానం చేసి వెళ్లి పొయ్యి మీద పప్పు పెడితే, అండాలు కడిగించి బయటపడేసరికి ఎండ వాలిపోయేది. పిల్లలు పెద్దవాళ్లై చదువులకు వెళ్లిపోయారు, నా జుట్టు నెరిసింది. సాంబారు మాత్రం ప్రతి ఆదివారం కొత్తగా కాచాల్సిందే.

మామగారు పోయాక ఏడాది మైల వచ్చింది. మా కుటుంబాల్లో ఇది గట్టి పట్టింపు. సంవత్సరీకం అయ్యేదాకా పండగ లేదు, పెళ్లికి వెళ్లకూడదు, కొత్త బట్ట కట్టకూడదు, గుడి గడప తొక్కకూడదు. దీపావళికి వీధంతా దీపాలు పెడితే మా ఇల్లొక్కటే చీకట్లో ఉంటుంది. గుడి వంటశాల సంగతి చెప్పనే అక్కర్లేదు. మైల మనిషి చెయ్యి పడితే అది ప్రసాదమే కాదు. మా వదిన, అంటే మా ఆయన అక్క, గుడి మహిళా విభాగానికి పెద్ద. పెళ్లై వేరే ఇంటికి వెళ్లిన ఆడపడుచు కాబట్టి ఆవిడకు ఏడాది మైల లేదు. దినాలయ్యాక వంటశాల తాళాలు నా చేతిలోంచి తీసుకుంది ఆవిడే.

"ఏడాదిపాటు నువ్వు రాకూడదమ్మీ. ఏటి సేత్తాం. నువ్వు లేకుండా ఎలాగో గెంటుకొస్తాం లా," అని నా భుజం నిమిరింది. మాట చివర ఆ 'లా' ఈ దేశపు అలవాటు, ఏ భాషలోనైనా తగిలిస్తాం. పాపం, ఆవిడకు నామీద జాలి.

నేనూ జాలిగానే మొహం పెట్టాను. ఆ వచ్చిన ఆదివారం ఎప్పటిలాగే చీకటితో మెలకువ వచ్చింది. లేవక్కర్లేదని గుర్తొచ్చింది. పక్కకు తిరిగి పడుకుని కాసేపు ఏడ్చాను. మామగారి కోసం ఏడ్చానని మా ఆయన అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

కొన్ని ఆదివారాలు నిద్రతో గడిపాను. ఆపైన నిద్ర పట్టడం మానేసింది. ఒకరోజు అత్తగారికి మోకాలి పట్టీలు కొనాలని కౌలాలంపూర్ వైపు ఒక పెద్ద మాల్‌కి బయల్దేరాను. గుడికి వెళ్లే టైముకే బయల్దేరాను. మాల్ ఎన్నింటికి తెరుస్తారో నాకేం తెలుసు, ఆదివారం పూట బయట తిరిగిన మనిషినైతే కదా. వెళ్లేసరికి దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. కార్లు ఆపే చోట ఒక తలుపు మాత్రం తెరిచి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే చల్లటి గాలి మొహాన కొట్టింది. కింద మంచు మైదానం. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన చలి అంతా మా ఆఫీసు ఏసీలోదీ, ఒకసారి కామెరాన్ కొండల మీద చూసినదీను.

ఆ మంచు మీద ఆడవాళ్లు హాకీ ఆడుతున్నారు. ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటున్నారు, పడుతున్నారు, లేస్తున్నారు. గోలు ముందు దిండ్లు కట్టుకున్న బీరువాలాగా ఒక చైనా ఆవిడ నిలబడి ఉంది. మొహానికి కమ్మీల ముసుగు. ఆవిడ ఆపకుండా అరుస్తోంది, అదీ తన జట్టు వాళ్ల మీదే. "నిద్రపోతున్నావా? వెనక్కి రా! అటు కాదు, నీ కుడివైపు! నీకు రెండు కుడి చేతులున్నాయా?" తిట్లు తిన్న పిల్లలు నొచ్చుకోవడం లేదు. తలూపి, చెప్పినట్టు జరుగుతున్నారు. నా నోరు గురించి జీవితమంతా మాటలు పడ్డ మనిషిని నేను. ఆఫీసులో పడ్డాను, అత్తింట పడ్డాను, పుట్టింట్లో అయితే పుట్టినప్పటినుంచీ పడ్డాను. ఇక్కడేమో అరవడం పనిలో భాగం. నేను రెయిలింగ్ పట్టుకుని ఆట అయ్యేదాకా నిలబడిపోయాను.

ఆట అయ్యాక ఆవిడ ముసుగు తీసింది. నా వయసుకు అటూ ఇటూ. ఆవిడే జట్టు కెప్టెన్. నా దగ్గరకొచ్చి ఇంగ్లీషులో అడిగింది.

"ఆడతావా?"

"నాకు స్కేటింగ్ రాదు."

"మాలో సగం మందికి రాదు లా. నోరుందా?"

"అది ఉంది."

"అయితే డిఫెన్స్‌కి పనికొస్తావు. వచ్చే ఆదివారం పొడుగు సాక్సులు తెచ్చుకో."

మోకాలి పట్టీలు కొన్నాను. అత్తగారికి ఒక జత, నాకొక జత.

పడడం ఎలాగో ముందు నేర్పించారు. అది నాకు వెంటనే వచ్చింది. లేవడం రాలేదు. వయసొచ్చిన ఆడది నేల మీద బోర్లా పడి, మోకాళ్ల మీదకు దొర్లి, ఒక కాలు ముందుకు పెట్టి లేవడానికి ఎంత సిగ్గు చంపుకోవాలో పడినవాళ్లకే తెలుస్తుంది. నా పక్కన ఆడే మలై పిల్ల, హెల్మెట్ కింద నల్లటి తుడుంగ్, అదే తలగుడ్డ, బిగించుకున్న చిన్న పిల్ల, చెయ్యందించి "ఆంటీ, బోలే?" అంది. లేవగలవా అని.

"ఆంటీ మీ అమ్మ చెల్లెలు. నేను డిఫెన్స్," అన్నాను కింద పడి ఉండే.

అది పడీపడీ నవ్వింది. ఆ రోజునుంచి "కాక్" అని పిలవడం మొదలుపెట్టింది. కాక్ అంటే వాళ్లలో అక్క. అక్కకు నేను ఒప్పుకున్నాను.

సామాను అంతా పాతదే. ఈ దేశంలో ఐస్ హాకీ సామాను అంత తేలిగ్గా దొరకదు. ఇక్కడ కొన్నాళ్లు పనిచేసి తమ చలిదేశాలకు తిరిగి వెళ్లిపోయే ఆడవాళ్లు వదిలేసినవి ఒక గదిలో పడేసి ఉంటాయి. భుజాలకు, మోచేతులకు, కాలిపిక్కలకు ఉబ్బెత్తు కవచాలు, పొట్టి లాగు, చేతి తొడుగులు. అందులోంచి నాకు పట్టేవి ఏరుకున్నాను. ఎన్నేళ్ల చెమటో, వాటి కంపు చెప్పడానికి మాటలు లేవు. ఇంటికి తెచ్చి ఉతికి, పెరట్లో తీగ మీద ఆరేశాను. అక్కడ దొరికిపోయాను.

మా వదిన ఎప్పుడొచ్చినా పెరటి తలుపునుంచే వస్తుంది. తీగ దగ్గర ఆగిపోయింది.

"ఏటే ఇది? బాంబులు తీసే పోలీసోల్ల గుడ్డల్లాగున్నాయి. ఎవులివి?"

"నావే వదినా. ఐస్ మీద హాకీ ఆడతన్నాను."

"ఎవులు?"

"నేనే."

ఆవిడ నా నడుము వంక చూసింది. ఆ తర్వాత గోడ మీద మామగారి ఫోటో ఉన్న వైపు చూసింది. "మా నాయిన పోయిన ఇంట్లో ఆటలేటే? మైలలో ఆటలూ పాటలూ కూడవని తెల్దా నీకు? కాలేజీ సదువు సదివినావు."

"ఏ శాస్త్రంలో ఉన్నాది, సూపించు. పెళ్లికి ఎల్లకూడదన్నారు, ఎల్లలేదు. గుడికి రావద్దన్నారు, రాలేదు. కొత్త గుడ్డ కట్టకూడదన్నారు. ఇది ఎవులో కట్టి పారేసిన గుడ్డ. కావాలంటే ముక్కెట్టి సూడు. ఇందులో శుభం ఎక్కడున్నాది?"

వదిన ముక్కు పెట్టలేదు. పెట్టక్కర్లేకుండానే తెలుస్తోంది. కానీ ఊరుకునే మనిషి కాదు. ఆవిడతో నాకున్న ఇబ్బందే అది, ఆవిడా నాలాంటిదే. పూజారిగారినే అడుగుదాం రమ్మంది. సరే పదమన్నాను.

నేను లోపలికి పోకూడదు కాబట్టి గుడి గేటు బయట, కార్లు ఆపే చోట నిలబడ్డాం. పూజారిగారు ఆంధ్రదేశం నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడతారు. తువ్వాలు భుజాన వేసుకుని మా దగ్గరికే వచ్చారు. వదిన సంగతి చెప్పింది. ఐస్ హాకీ అంటే ఏమిటో ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఫోన్లో వీడియో చూపించాను. కళ్లార్పకుండా చూశారు.

"అమ్మా, ఇందులో పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకోవడం ఉందా?"

"లేదండీ."

"మేళతాళాలు?"

"విజిల్ ఉంది."

"విందు భోజనం?"

"అయ్యాక ఎవరి నాసి లెమాక్ అన్నం పొట్లం వాళ్లది."

"దెబ్బలు తగులుతాయా?"

చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి మీద నల్లగా కమిలిన చోటు చూపించాను. ఆయన తల తిప్పుకున్నారు. కాసేపు ఆలోచించి, వదినతో చాలా మర్యాదగా అన్నారు: "శుభకార్యం కిందికి రాదమ్మా. ఇంత బాధ పడుతున్నారంటే ఏదో దీక్షలాగా అనుకోవాలి."

కారెక్కాక వదిన "ఈయన్ని మార్చాల," అంది.

అలా నాకు అనుమతి దొరికింది. అడ్డంకులు అయిపోలేదు. లీగ్ మొదలయ్యేముందు జట్టు చొక్కాలు వచ్చాయి, ఊదా రంగువి, వీపు మీద అంకెతో, కవర్లోంచి తీస్తే కరకరలాడుతున్నవి. కొత్తవి. కొత్త బట్ట కట్టకూడదు. నేనిది పట్టించుకోకుండా తొడిగేసుకుని ఉండొచ్చు. కానీ వదినతో వాదించేటప్పుడు నియమం ఒక్కటీ తప్పలేదన్నదే నా బలం, దాన్ని నేనే పాడుచేసుకుంటానా. అత్తగారి ముందు చొక్కా పరిచి కూర్చున్నాను.

అత్తగారు ఆ ఏడాదంతా ముందు గదిలో కిటికీ దగ్గర కుర్చీలో ఉండేవారు. ఆవిడ మాట తక్కువ, కానీ పట్టింపుల్లో దారులు ఆవిడకు తెలిసినన్ని ఎవరికీ తెలియవు. "ఎవులైనా ఒకపాలి తొడిగి ఇప్పేత్తే పాతదైపోతాది," అన్నారు.

మా ఆయన్ని పిలిచాను. చొక్కా తల మీదుగా వేయబోతుంటే అత్తగారు చెయ్యెత్తి ఆపారు. "ఆడికి మరీ కూడదు. కొరివెట్టినోడు."

నిజమే. ఇంట్లో అందరికీ మైలే, కొడుక్కి అందరికంటే ఎక్కువ. మైల లేని ఒళ్లు మా ఇంట్లో లేదు. చివరికి గోడ అవతల పక్కింటి మకచిక్‌ని, అంటే మలై పెద్దావిడని అడిగాను. మేం కాపురానికి వచ్చినప్పటినుంచీ వాళ్లు మా పక్కనే. మా పట్టింపులన్నీ ఆవిడకు ఎరుకే. ఎందుకని కూడా అడగలేదు. తను కట్టుకున్న పొడుగు బాజు కురుంగ్ గౌను మీద చొక్కా తొడుక్కుని, తుడుంగ్ సర్దుకుని, ఆ సాయంత్రం ఊదా రంగు హాకీ చొక్కాలో మొక్కలకు నీళ్లు పోసింది, కోడిపిల్లలకు గింజలు వేసింది, వీధిలో వెళ్లేవాళ్లకు చెయ్యి ఊపింది. చీకటి పడేముందు మడతపెట్టి, మీద అరిటాకులో కుయిహ్ మిఠాయి పెట్టి గోడ మీదుగా అందించింది. "పాతది చేశాను. గెలువు," అంది మలైలో.

గెలవలేదు. మా జట్టు గెలిచే జట్టు కాదు. కానీ నేను ఆడాను. లీగ్ అంటే ఏదో పెద్దది ఊహించుకోవద్దు, మాలాంటి జట్లు కొన్ని కలిసి ఆదివారం పొద్దున మాల్ తెరవకముందు ఆడుకునే ఆట. టీచర్లున్నారు, నర్సులున్నారు, ఒకావిడకు మనవడున్నాడు. అందరం కింద పడతాం. వెనక్కి స్కేట్ చెయ్యడం నాకు వచ్చిన రోజు ఇంటికొచ్చి అత్తగారికి ముందు గదిలో సాక్సులతో టైల్స్ మీద చేసి చూపించాను. పక్ అని నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది, అది గోలువైపు దూసుకొస్తుంటే నా కాలు అడ్డం పెట్టాను ఒకసారి. కావాలని పెట్టానని అందరూ మెచ్చుకున్నారు. ఆగడం రాక అక్కడికి జారిపోయానని నేను చెప్పలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది అరవడం. "నీ వెనకాల మనిషి!" "వదిలెయ్, నేనున్నా!" అని గొంతు చించుకుని అరిస్తే అందరూ వినేవారు. గుడి వంటశాలలో నేను అరిస్తే "ఈవిడకు బీపీ" అనేవారు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం చేశాం. బ్రాహ్మణులు వెళ్లిపోయారు, చుట్టాలు వెళ్లిపోయారు. ముందు గదిలో మేం నలుగురమే మిగిలాం: అత్తగారు, వదిన, మా ఆయన, నేను. వదిన సంచిలోంచి వంటశాల తాళాలు తీసి టీపాయ్ మీద పెట్టింది.

"మైల తీరినాది. వచ్చే ఆదివారం అన్నదానం నాయిన పేరున ఎట్టించినాను. అందరికీ సెప్పేసినాను, ఈపాలి నువ్వే వండుతావని. అందరూ నీ సాంబారు కోసం సూత్తన్నారు లా."

నన్ను అడగలేదు. ఎప్పుడూ అడగలేదు, అదీ గుర్తు చేసుకోవాల్సిన పని లేదు. వచ్చే ఆదివారం మా లీగ్‌లో ఆ విడత ఆఖరి ఆట. జట్టులో ఒకావిడకు జ్వరం, ఇంకొకావిడ ఇపో ఊళ్లో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లింది. నేను రాకపోతే మనుషులు చాలరు, ఆట మొదలవకముందే ఓడినట్టు. కానీ ఆ ఒక్క ఆట కోసమే అయితే నేను అంత ఆలోచించేదాన్ని కాదు. ఆ తాళాలు చూస్తుంటే ఒకటే తోచింది. ఇప్పుడు పుచ్చుకున్నానా, ఇంట్లో మళ్లీ ఇంకొకరు పోయేదాకా నాకు ఆదివారం లేదు.

"నాకు కుదరదు వదినా. ఆట ఉన్నాది."

"ఆటా?" ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు. "అదేదో మైల కాలంలో, పొద్దుపోక ఆడినావనుకున్నాను. ఇప్పుడింకేటి?"

"పొద్దుపోకే మొదలెట్టినాను. ఇప్పుడు ఒగ్గను."

"మరి వంట ఎవులు సేత్తారు?"

"ఈ ఏడాదంతా ఎవులు సేసినారు?"

"ఎలాగో నెట్టుకొచ్చినాం. నీలాగ కుదరలేదు."

"కుదరకపోతే జనం రావడం మానేసేవోలు. వచ్చినారు, తిన్నారు. అంటే కుదిరినట్టే."

"నువ్వు మైల అడ్డం ఎట్టుకున్నావు!"

"ఎట్టుకున్నాను. నేను కట్టిన అడ్డమేటి అది? మీరందరూ కట్టిందే గదా. కట్టినప్పుడు లోపలే ఉన్నాను, ఇప్పుడు ఇప్పేసినారు, నేను బయటికి ఎల్తన్నాను."

వదిన లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "నాకు మాత్రం ఆదివారం ఒద్దేటి? నా కాళ్లు లాగవేటి? నీవల్లే గదా నాను ఏడాదినించి ఆ పొయ్యి కాడ సస్తన్నాను!"

అది నేను ఎదురు చూడని మాట. అంతవరకూ ఆవిడ పెత్తనమే చూశాను, కాళ్లు చూడలేదు. కానీ అక్కడ మెత్తబడితే తాళాలు నా ఒళ్లో పడతాయి.

"అయితే నువ్వూ ఒగ్గేయ్," అన్నాను. "తెల్లారకుండా లేచి నాతో రా. నీకూ ఓ పాత హెల్మెట్ సూత్తాను."

మా ఆయనకు నవ్వొచ్చింది. అక్క చూపు చూసి ఫోన్లోకి తల దించేసుకున్నాడు.

అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలోంచి అన్నారు: "నాను ఏడాదైనాది గుడి సూసి. మొదటి దినం నిన్ను ఎంటబెట్టుకుని ఎల్దామనుకున్నానమ్మీ."

ఆవిడకు ఉన్న ఒక్క బయటి చోటు ఆ గుడి. ఏడాదిపాటు ఆ కిటికీలోంచి వీధి చూసుకుంటూ కూర్చున్నారు. నాకు చొక్కా దారి చూపించింది ఆవిడే. వస్తానత్తా అనడం ఎంతసేపు. నోటిదాకా వచ్చింది కూడా.

"అత్తా, ఎల్దురుగాని. మీ అబ్బాయి తీసుకెల్తాడు. నేను ఆట అయినాక నేరుగా అక్కడికే వచ్చేత్తాను."

"నేనా? ఆదివారం పొద్దున్నా?" అన్నాడు మా ఆయన.

"మీ నాయిన పేరున అన్నదానం. మీ అమ్మ, మీ అక్క. నా వంట ఒక్కటే నాది. అది నేను ఇవ్వను."

అత్తగారు చెయ్యి చాపి టీపాయ్ మీది తాళాలు తీసి వదిన ఒళ్లో పడేశారు. "సరి. ఎవులో ఒకరు పప్పు నానబెట్టండి," అన్నారు. అది నా పక్షమో విసుగో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడకుండానే పడుకున్నారు.

ఆదివారం ఆటలో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్తాను, లేకపోతే గెలిచొచ్చాననుకుంటారు. మార్చుకోవడానికి మనిషి లేక ఆపకుండా ఆడుతున్నాం. కాళ్లు రాళ్లయిపోయాయి. ఆట చివర్లో సమంగా ఉన్నాం. అవతలి జట్టు పిల్ల ఒకతి నన్ను దాటుకుని పోతుంటే నా కర్ర దాని కాలికి అడ్డం పడింది. రిఫరీ, మీసాలు సరిగా రాని అబ్బాయి, విజిల్ ఊదాడు. రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. పోయి కూర్చుంటే అయిపోయేది. నేను నిలబడి వాదించాను. అది నా కర్రకు తనే వచ్చి తగిలిందని, నేను ఉన్నచోటే ఉన్నానని, ఉన్నచోట ఉండడం ఏ నియమం ప్రకారం తప్పో చూపించమని అడిగాను. అతను నియమం చూపించలేదు, ఇంకో రెండు నిమిషాలు చూపించాడు. అద్దాల గదిలో నేను కూర్చుని ఉండగా, ఒక మనిషి తక్కువైన మా జట్టు మీద వాళ్లు గోలు కొట్టారు. దాంతోనే ఓడిపోయాం.

కెప్టెన్ నా పక్కన కూలబడి నీళ్లు తాగింది. "నోరుందన్నావు, నిజమే లా," అంది. "మనవాళ్ల మీద అరుచుకో. రిఫరీ మీద కాదు."

"తప్పు అతనిదే."

"తప్పు అతనిదే. అయినా నోరు ముయ్యి. వచ్చే ఆదివారం నీకు ఆగడం నేర్పిస్తాను."

స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, చీర కట్టుకుని ఫెడరల్ హైవే మీద క్లాంగ్‌కి తిరిగొచ్చాను. గుడికి చేరేసరికి రెండో పంక్తి కూర్చుంటోంది. అన్నేళ్లు ఆ హాలును వంటశాల తలుపులోంచే చూశాను, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని. ఇప్పుడు చెప్పులు విడిచి, రాముల వారికి దణ్ణం పెట్టుకుని, నేరుగా వెళ్లి పంక్తిలో కూర్చున్నాను. ముందు అరిటాకు పడింది. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. మా ఆయన చెమటలు కక్కుతూ నీళ్ల కూజా పట్టుకుని తిరుగుతున్నాడు. నన్ను చూసి అటు తిరిగాడు. అత్తగారు గోడ వారగా బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు, నుదుట విభూతి, కళ్లు ఆ ఏడాదిలో నేను చూడనంత తేటగా.

"గెలిసినారేటి?" అని అక్కడినుంచే అడిగారు.

"ఓడిపోయినాం అత్తా."

"ఓడిపోడానికా ఇంత రచ్చ సేసినావు?" అన్నారు. పక్కనున్న ముసలావిడలు నవ్వారు. అత్తగారూ నవ్వారు. నా పరువు అక్కడ ఏమీ మిగల్లేదు, కానీ ఆవిడ నాతో మాట్లాడారు.

వదిన సాంబారు బకెట్ పట్టుకుని వరసగా వడ్డిస్తూ వచ్చింది. నా పక్కావిడకు పోసింది, నన్ను దాటి అవతలి ఆకుకు పోయింది. పొరపాటున కాదు.

"వదినా," అన్నాను, మంచు మీద అరిచినట్టే. "ఇక్కడో ఆకు ఉన్నాది!"

హాలంతా ఇటు తిరిగింది. వదిన ఆగింది. అందరి ముందూ ఆకలితో కూర్చున్న మనిషి ఆకు దాటడం అన్నదానంలో ఎంత తప్పో నాకు తెలుసు, ఆవిడకు నాకంటే బాగా తెలుసు. వెనక్కొచ్చి వంగి గరిటె ముంచింది. వంగినప్పుడు నడుము పట్టుకుంది.

"వచ్చే ఆదివారం?" అంది పళ్లు బిగించి, నాకొక్కదానికే వినపడేట్టు.

"ఆగడం నేర్పుతారంట."

"ఆ పై వారం?"

"అదీ అంతే. ఎప్పుడూ అంతే వదినా. కానీ భోజనాలకు వత్తాను. అప్పుడప్పుడు నువ్వూ కూకో, వడ్డించడానికి మీ తమ్ముడున్నాడు గదా."

ఆవిడ గరిటె నా ఆకులో వంచి అక్కడే నిలబడింది. నేను అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. సాంబారు బాగుంది. అన్నాళ్లూ నా కింద కూరగాయలు తరిగిన ఆవిడ వండిందట. ములక్కాడ చితకకుండా ఉడికింది, చింతపండు సరిగ్గా పట్టింది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నేను లేకపోతే ఆ పొయ్యి వెలగదని నాకు నేనే ఎన్నో ఏళ్లు చెప్పుకున్నాను. అది కొంచెం గుచ్చుకుంది, దాచడమెందుకు. గుచ్చుకుంటూనే తిన్నాను. ఆకలి అలా ఉంది మరి.

"ఇంకో గరిటె పొయ్యి," అన్నాను. పోసింది.